బ్లాకింగ్ పెప్టైడ్‌తో మెంబ్రేన్ ప్రోటీన్ యాంటీబాడీని పరీక్షించడం ఎలా?

కొత్త యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ వేశారు, అంటే ప్రోటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి, కాగితం లాంటి మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతికారు. మీ ప్రోటీన్ ఉండాల్సిన చోట ఒక బ్యాండ్ వచ్చింది. దాని పైన పొగలా పరుచుకున్న మరక ఒకటి, ఇంకా పైన సన్నగా మరో బ్యాండ్. వీటిలో ఏది మీ ప్రోటీన్? మెంబ్రేన్ ప్రోటీన్ల (కణం పొరలో ఉండేవి) మీద పనిచేసే వాళ్లకు ఈ ప్రశ్న దాదాపు ప్రతి యాంటీబాడీతోనూ ఎదురవుతుంది. దీనికి చాలామంది ముందుగా చేసే పరీక్ష బ్లాకింగ్ పెప్టైడ్. చూడటానికి చాలా తేలిక. యాంటీబాడీని ఏ పెప్టైడ్‌తో (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) తయారు చేశారో అదే పెప్టైడ్‌ను ఎక్కువ మోతాదులో ముందే కలిపేస్తాం. యాంటీబాడీ చేతులు రెండూ పెప్టైడ్‌తో నిండిపోతాయి, ఇక బ్లాట్ మీదున్న ప్రోటీన్‌ను పట్టుకోలేవు. అలా మాయమైన బ్యాండ్ ఆ చేతులు పట్టుకున్నదే అన్నమాట.

ఈ పరీక్ష చేయడం తేలికే గానీ, తప్పుగా చదవడం అంతకన్నా తేలిక. అందుకే చేసే పద్ధతితో పాటు ఫలితాన్ని చదివే పద్ధతికీ ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందు పేరు దగ్గర గందరగోళం తీర్చుకుందాం. బ్లాట్‌ను పాలపొడిలోనో బీఎస్‌ఏ అనే ఆవు రక్తపు ప్రోటీన్‌లోనో నానబెట్టడాన్ని కూడా బ్లాకింగ్ అనే అంటాం. అది బ్లాట్ మెంబ్రేన్ మీది ఖాళీ చోట్లను కప్పే పని, దానికీ దీనికీ సంబంధం లేదు. కణం మీది రిసెప్టర్ పనిని ఆపేసే బ్లాకింగ్ యాంటీబాడీ కూడా వేరే సంగతి. ఇక్కడ మనం ఆపేది యాంటీబాడీని.

ఉదాహరణకు ఆక్వాపోరిన్-1ను తీసుకుంటాను. ఎర్ర రక్తకణాల పొరలోనూ మూత్రపిండంలోనూ దండిగా ఉండే నీటి ద్వారం ఇది. మనిషిలో దీని పొడవు 269 అమైనో ఆమ్లాలు. పొరను ఆరుసార్లు దాటుతుంది. మొదలూ చివరా రెండూ కణం లోపలి వైపే ఉంటాయి. మీ ప్రోటీన్ వేరేదైనా దారి మాత్రం ఇదే.

పెప్టైడ్ ఎంచుకోవడం

మొదట తెలుసుకోవాల్సింది మీ యాంటీబాడీని దేనితో తయారు చేశారన్నది. డేటాషీట్‌లో ఇమ్యునోజెన్ (యాంటీబాడీ పుట్టించడానికి జంతువుకు ఇచ్చినది) అనే చోట చూడండి. అక్కడ మూడు రకాల సమాధానాలు ఉండొచ్చు.

పది నుంచి ఇరవై అమైనో ఆమ్లాల సింథటిక్ పెప్టైడ్ అని ఉంటే మీ పని సులువు. అదే వరుసతో పెప్టైడ్ చేయించుకుంటే చాలు. పెద్ద రీకాంబినెంట్ ముక్క (జన్యువును వేరే కణాల్లో పెట్టి తయారు చేయించిన ప్రోటీన్ భాగం) అని ఉంటే చిన్న పెప్టైడ్ పనికి రాకపోవచ్చు, ఎందుకంటే యాంటీబాడీ ఆ ముక్కలో ఎక్కడ పట్టుకుంటుందో మీకు తెలియదు. అప్పుడు ఆ ముక్కనే బ్లాకర్‌గా వాడాలి. మొత్తం ప్రోటీన్ లేదా సజీవ కణాలు అని ఉంటే, ఆ యాంటీబాడీ మడత పడిన ఆకారాన్ని గుర్తిస్తూ ఉండొచ్చు. నీళ్లలో తేలే సాదా పెప్టైడ్‌కు ఆ ఆకారం ఉండదు కాబట్టి ఈ పరీక్ష మీద ఆశ పెట్టుకోవద్దు.

వరుస ఏమిటో చెప్పకుండా, మా పెప్టైడ్ కొనుక్కోండి అని మాత్రమే రాసిన డేటాషీట్లు కూడా ఉంటాయి. వీలైతే అలాంటి యాంటీబాడీ జోలికి పోవద్దనే నేను చెబుతాను. వరుస తెలియకపోతే అది ఇంకే ప్రోటీన్‌లో ఉందో వెతకలేరు. ఆ వెతుకులాట లేకుండా చేసిన బ్లాకింగ్ పరీక్షకు విలువ సగమే.

వరుస దొరికిందనుకుందాం. మన ఉదాహరణలో అది ఆక్వాపోరిన్-1 చివరి 19 అమైనో ఆమ్లాలు, అంటే 251 నుంచి 269 వరకు. యూనిప్రాట్ అనే ప్రోటీన్ డేటాబేస్‌లో ప్రోటీన్ వరుస తెరిచి, మీ పెప్టైడ్ నిజంగా అక్కడ ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి. మీ నమూనా ఎలుకదైతే ఎలుక వరుసతో, మనిషిదైతే మనిషి వరుసతో చూడాలి. ఆ తర్వాత వరుసలను పోల్చే బ్లాస్ట్ ప్రోగ్రాంలో వేసి, అదే జీవిలో ఇంకే ప్రోటీన్‌లోనైనా ఇలాంటి ముక్క ఉందా అని వెతకండి. మొత్తం 19 కలవాల్సిన అవసరం లేదు. సాదా వరుసను గుర్తించే యాంటీబాడీ పట్టు చాలాసార్లు ఐదు నుంచి ఎనిమిది అమైనో ఆమ్లాల మీదే ఉంటుంది. అంతమేర కలిసిన ప్రోటీన్ల పేర్లన్నీ, వాటి బరువులతో సహా నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. బ్లాట్ వచ్చాక ఆ చిట్టాయే మీకు దిక్కు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు కొసల గురించి తప్పకుండా చెప్పాలి. మన పెప్టైడ్ ప్రోటీన్ అసలు చివర కాబట్టి, కుడి కొస కార్బాక్సిల్‌గా స్వేచ్ఛగానే ఉండాలి. అమైడ్ చేయించకూడదు, ఎందుకంటే కొన్ని యాంటీబాడీలు ఆ చివరి కార్బాక్సిల్‌ను కూడా కలిపి గుర్తిస్తాయి. అదే పెప్టైడ్ ప్రోటీన్ మధ్యలోది అయితే వ్యవహారం తిరగబడుతుంది. ప్రోటీన్‌లో ఆ చోట కొసలంటూ ఉండవు కాబట్టి ఎడమ కొసను అసిటైల్, కుడి కొసను అమైడ్ చేయిస్తే అసలుకు దగ్గరగా ఉంటుంది.

ఇమ్యునోజెన్ పెప్టైడ్‌కు తరచూ ఒక కొసన సిస్టీన్ తగిలించి ఉంటుంది. అది కేఎల్‌హెచ్ అనే పెద్ద వాహక ప్రోటీన్‌కు అతికించడానికి పెట్టినది. బ్లాకింగ్‌కు ఆ సిస్టీన్ అక్కర్లేదు. ఉంటే గాలికి ఆక్సీకరణం చెంది రెండేసి పెప్టైడ్లు జంటగా అతుక్కుంటాయి. లేకుండానే చేయించుకోండి.

ఇంకొక పెప్టైడ్ కూడా ఇప్పుడే ఆర్డర్ ఇవ్వండి: అవే అమైనో ఆమ్లాలు, వరుస మాత్రం కలగాపులగం చేసినది. దీన్ని స్క్రాంబుల్డ్ పెప్టైడ్ అంటారు. కలిపేటప్పుడు అసలు వరుసలోని మూడు నాలుగు అక్షరాలు పక్కపక్కనే మిగిలిపోకుండా చూసుకోండి. ఖర్చు తగ్గించుకుందామని దీన్ని మానేసే వాళ్లే ఎక్కువ. ఇది లేకపోతే బ్యాండ్ మాయమవడానికి కారణం వరుసా, లేక ఏదో ఒక పెప్టైడ్ పోయడమా అన్నది తేల్చలేరు. నా ఉద్దేశంలో ఇది ఐచ్ఛికం కాదు.

సీసా తెరవడం, కరిగించడం

పెప్టైడ్ తెల్లటి పొడిగా వస్తుంది, మైనస్ 20 డిగ్రీల్లో దాచుకోవాలి. ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే మూత తీయొద్దు. చల్లటి పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అరగంట బయట పెట్టి, గది వేడికి వచ్చాక ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అప్పుడు తెరవండి. పొడి మూతకు అంటుకుని ఉండటం మామూలే.

సీసా మీద 1 మిల్లీగ్రాము అని ఉంటే లోపల 1 మిల్లీగ్రాము పెప్టైడ్ ఉన్నట్టు కాదు. తయారీలో వాడిన ట్రైఫ్లోరోఅసిటేట్ ఉప్పు రూపంలో మిగులుతుంది, కొంత నీరూ ఉంటుంది. అసలు పెప్టైడ్ తరచూ 60 నుంచి 80 శాతం మధ్యే. దీన్ని నెట్ పెప్టైడ్ కంటెంట్ అంటారు. హెచ్‌పీఎల్‌సీ స్వచ్ఛత 95 శాతం అని రాసి ఉంటే అది వేరే లెక్క: ఉన్న పెప్టైడ్లలో సరైనది ఎంత అని మాత్రమే అది చెబుతుంది. ఈ రెండిటినీ ఒకటే అనుకుని నేను చాలాకాలం తక్కువ పెప్టైడ్ వాడుతూ వచ్చాను. బ్లాకింగ్‌లో మనం ఎలాగూ చాలా ఎక్కువ పోస్తాం కాబట్టి నష్టం జరగలేదు గానీ, మోతాదులు మార్చి గ్రాఫ్ గీయాల్సి వచ్చినప్పుడు అంకెలన్నీ మళ్లీ లెక్కేయాల్సి వచ్చింది.

దేనిలో కరిగించాలో ఛార్జ్ లెక్క చెబుతుంది. లైసిన్, ఆర్జినిన్ ఒక్కొక్కటికి ప్లస్ ఒకటి, అస్పార్టేట్, గ్లుటమేట్ ఒక్కొక్కటికి మైనస్ ఒకటి. మన 19 అమైనో ఆమ్లాల్లో ప్లస్‌లు మూడు, మైనస్‌లు ఏడు. కొసలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొత్తం మైనస్ నాలుగు, అంటే ఆమ్ల స్వభావం ఉన్న పెప్టైడ్. ముందు నీళ్లలో ప్రయత్నించండి. కరగకపోతే పలచటి అమ్మోనియం బైకార్బొనేట్ కొద్దికొద్దిగా కలపండి. క్షార స్వభావం ఉంటే పలచటి అసిటిక్ ఆమ్లం. నీళ్లను వికర్షించే అమైనో ఆమ్లాలు ఎక్కువైతే ముందు కొంచెం డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, తర్వాత బఫర్‌ను మెల్లగా చేర్చాలి. అయితే మెథియోనిన్, సిస్టీన్ ఉన్న పెప్టైడ్లను డీఎంఎస్‌ఓ ఆక్సీకరించే ప్రమాదం ఉంది. మన పెప్టైడ్‌లో చివరి నుంచి నాలుగోది మెథియోనినే, కాబట్టి దానికి దూరంగా ఉండటం మంచిది.

ఒక మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండేలా స్టాక్ చేసుకుని, చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి. ఒక్కో ట్యూబ్ ఒక్కసారికే. కరిగించిన పెప్టైడ్ పొడి అంత కాలం నిలవదు. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే ఇంకా త్వరగా పాడవుతుంది.

స్టాక్‌లో ఒక చుక్కను పీహెచ్ కాగితం మీద వేసి చూడండి. ట్రైఫ్లోరోఅసిటేట్ వల్ల ద్రావణం బాగా పులుపెక్కి ఉండొచ్చు. అది యాంటీబాడీ ద్రావణం పీహెచ్‌ను దించేస్తే బ్యాండ్లన్నీ సన్నబడతాయి, అదంతా బ్లాకింగ్ అని మీరు పొరబడతారు.

యాంటీబాడీని ముందు పలచన చేయడం

అన్నిటికన్నా ఎక్కువగా ఈ పరీక్షను చెడగొట్టేది పెప్టైడ్ కాదు, మితిమీరిన యాంటీబాడీ. బ్యాండ్ నల్లగా, లావుగా, సాచురేట్ అయ్యి (ఇక పెరగలేనంత నిండిపోయి) ఉంటే, యాంటీబాడీలో 90 శాతం ఆగిపోయినా మిగిలిన పది శాతమే మళ్లీ నల్లటి బ్యాండ్ ఇచ్చేస్తుంది. పెప్టైడ్ పనిచేయలేదని మీరు టెన్షన్ పడతారు.

అందుకే ముందు పెప్టైడ్ లేకుండా ఒక బ్లాట్ వేయండి. ఒకే నమూనా వేసిన ఆ బ్లాట్‌ను ఐదు ముక్కలుగా కోసి, యాంటీబాడీని మిల్లీలీటరుకు 2, 1, 0.5, 0.2, 0.1 మైక్రోగ్రాముల చొప్పున పెట్టండి. బ్యాండ్ స్పష్టంగా కనిపిస్తూ, ఇంకా తగ్గిస్తే మసకబారిపోయే మోతాదు ఒకటి దొరుకుతుంది. అదే మీది.

ఎంత పెప్టైడ్ పోయాలి

బరువులో యాంటీబాడీకి ఐదు రెట్ల పెప్టైడ్ అన్నది ప్రయోగశాలల్లో అందరూ చెప్పే మాట. అది ఎందుకు చాలుతుందో ఒకసారి లెక్క వేసి చూస్తే ధైర్యం వస్తుంది.

మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము చొప్పున 5 మిల్లీలీటర్ల యాంటీబాడీ ద్రావణం కావాలనుకుందాం. అందులో 5 మైక్రోగ్రాముల యాంటీబాడీ ఉంటుంది. ఐజీజీ (మామూలుగా వాడే యాంటీబాడీ రకం) బరువు సుమారు 1,50,000 డాల్టన్లు, కాబట్టి అది 33 పికోమోల్స్. ఒక్కో యాంటీబాడీకి రెండు చేతులు, అంటే 66 పికోమోల్స్ చేతులు. ఇప్పుడు ఐదు రెట్లు, అంటే 25 మైక్రోగ్రాముల పెప్టైడ్. మన పెప్టైడ్ బరువు సుమారు 2,270 డాల్టన్లు, కాబట్టి అది 11 నానోమోల్స్, అంటే 11,000 పికోమోల్స్. ఒక్కో చేతికి దాదాపు 165 పెప్టైడ్లు పోటీ పడుతున్నాయన్నమాట.

రెట్లతో పాటు గాఢత కూడా చూసుకోవాలి. పై లెక్కలో పెప్టైడ్ గాఢత 2 మైక్రోమోలార్ పైన ఉంది. మంచి యాంటీబాడీ పట్టు నానోమోలార్ స్థాయిలో ఉంటుంది కాబట్టి ఇది చాలా ఎక్కువ. కానీ యాంటీబాడీని బాగా పలచన చేసి, ఐదు రెట్ల సూత్రాన్నే పట్టుకుంటే పెప్టైడ్ కూడా అంతగా పలచబడుతుంది. పట్టు బలహీనంగా ఉన్న యాంటీబాడీలతో అప్పుడు చిక్కొస్తుంది. నేను రెట్లు ఎన్నైనా సరే, పెప్టైడ్ గాఢత 1 మైక్రోమోలార్ కన్నా దిగకుండా చూసుకుంటాను.

ఇదే కారణం వల్ల, చిన్న ట్యూబ్‌లో యాంటీబాడీని, పెప్టైడ్‌ను గట్టిగా కలిపి పెట్టి తర్వాత వంద రెట్లు పలచన చేసే పద్ధతి నాకు నచ్చదు. పలచన చేయగానే పెప్టైడ్లు మెల్లగా వదులుకుంటాయి, బ్లాట్ మీదున్న ప్రోటీన్ ఆ ఖాళీని పట్టుకుంటుంది. పని చేసే గాఢతలోనే కలిపి, బ్లాట్ మీద ఉన్నంతసేపూ పెప్టైడ్‌ను అందులోనే ఉండనివ్వండి.

మెంబ్రేన్ ప్రోటీన్ నమూనాను సిద్ధం చేయడం

మామూలు ప్రోటీన్ల అలవాటుతో నమూనాను 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు మరిగించొద్దు. పొరను చాలాసార్లు దాటే ప్రోటీన్లు వేడికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి, జెల్ బావి అడుగునే ఉండిపోతాయి. అప్పుడు ఉండాల్సిన చోట బ్యాండ్ ఉండదు, పైన ఏదో నల్లగా కనిపిస్తుంది. ఒకే నమూనాను 37 డిగ్రీల్లో అరగంట, 60 డిగ్రీల్లో పది నిమిషాలు, 95లో ఐదు నిమిషాలు పెట్టి పక్కపక్కన నడిపి చూడండి. మీ ప్రోటీన్‌కు ఏది సరిపోతుందో ఒక్క జెల్‌లో తేలిపోతుంది.

రెండో సంగతి చక్కెరలు. ఆక్వాపోరిన్-1లో 42వ స్థానంలోని ఆస్పరజీన్‌కు చక్కెర గొలుసు తగులుతుంది, అన్ని ప్రతులకూ కాదు. చక్కెర లేనిది సుమారు 28 కిలోడాల్టన్ల దగ్గర సన్నటి బ్యాండ్‌గా వస్తుంది. చక్కెర ఉన్నది సుమారు 35 నుంచి 60 వరకు పొగలా పరుచుకుంటుంది. రెండూ ఒకటే ప్రోటీన్. తెలియని వాళ్లు ఆ పొగను చెత్త అని కోసి పారేస్తారు. నమూనాలో కొంత తీసి పీఎన్‌జీఏజ్ ఎఫ్ ఎంజైమ్‌తో చక్కెరలను తొలగించి పక్క లేన్‌లో వేస్తే, పొగ తగ్గి 28 దగ్గరి బ్యాండ్ బలపడుతుంది. బ్లాకింగ్ పరీక్షలో ఈ లేన్ కూడా పెట్టుకుంటే చదవడం ఎంతో సులువు.

బ్లాట్ రోజు

ఒకే జెల్ మీద ఒకే క్రమాన్ని నాలుగుసార్లు వేయండి: మార్కర్ (బరువులు తెలిసిన ప్రోటీన్లు), మీ ప్రోటీన్ ఉన్న నమూనా, పీఎన్‌జీఏజ్ ఎఫ్ పెట్టిన నమూనా, మీ ప్రోటీన్ లేని నమూనా. జెల్‌లో అన్ని బావులు లేకపోతే రెండు జెల్‌లు నడపండి గానీ ట్రాన్స్‌ఫర్ ఒకేసారి జరగాలి. మెంబ్రేన్‌ను నాలుగు ముక్కలు చేసి, ఏది ఏదో తెలిసేలా పెన్సిల్‌తో మూలన గుర్తు పెట్టండి. పాలపొడిలోనో బీఎస్‌ఏలోనో గంటసేపు ఉంచండి.

ఆ గంటలో యాంటీబాడీ పని జరగాలి. ఒకే గిన్నెలో మొత్తం యాంటీబాడీని పలచన చేయండి, విడివిడిగా చేస్తే పిపెట్ తేడాలొస్తాయి. దాన్ని మూడు ట్యూబుల్లోకి సమంగా పంచండి. మొదటిదానిలో పెప్టైడ్‌ను కరిగించిన ద్రావకం మాత్రమే, రెండోదానిలో అసలు పెప్టైడ్, మూడోదానిలో స్క్రాంబుల్డ్ పెప్టైడ్. మూడింటిలో పోసే పరిమాణం ఒకటే. మన లెక్క ప్రకారం 5 మిల్లీలీటర్లకు 25 మైక్రోలీటర్ల స్టాక్. నెట్ కంటెంట్ 75 శాతం అయితే దాదాపు 33 మైక్రోలీటర్లు. గది వేడిలో గంటసేపు మెల్లగా తిప్పండి. పట్టు నెమ్మదిగా ఉండే యాంటీబాడీలకు 4 డిగ్రీల్లో రాత్రంతా ఉంచడం ఇంకా మంచిది, అప్పుడు మూడు ట్యూబులనూ అలాగే ఉంచాలి.

తర్వాత ఒక్కో ద్రావణాన్ని ఒక్కో ముక్క మీద పోయండి. నాలుగో ముక్కకు యాంటీబాడీ లేని బఫర్. ఇది సెకండరీ యాంటీబాడీ (మొదటి యాంటీబాడీని పట్టుకుని సిగ్నల్ ఇచ్చేది) ఒక్కటే చూపించే చెత్తను బయటపెడుతుంది. ఇక్కడి నుంచి ముక్కలన్నిటికీ ఒకే సమయం, ఒకే బఫర్, ఒకే కడుగుడు. హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ తగిలించిన సెకండరీ వాడుతుంటే ఆ బఫర్‌లో సోడియం అజైడ్ లేకుండా చూసుకోండి, అది ఎంజైమ్‌ను చంపేస్తుంది.

ఫొటో తీసేటప్పుడు నాలుగు ముక్కలనూ పక్కపక్కన పెట్టి ఒకే ఫ్రేమ్‌లో, ఒకే ఎక్స్‌పోజర్‌తో తీయండి. విడివిడిగా తీస్తే కెమెరా ఒక్కోదానికి వెలుతురు సర్దేస్తుంది, మసక బ్యాండ్ కూడా నల్లగా కనిపిస్తుంది. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు ఎక్స్‌పోజర్లు దాచుకోండి. ఒకే బ్లాట్‌ను పెప్టైడ్ లేకుండా వేసి, కడిగేసి, మళ్లీ పెప్టైడ్‌తో వేసే పద్ధతి మాత్రం వద్దు. కడగడంలోనే కొంత ప్రోటీన్ పోతుంది, బ్యాండ్ తగ్గడానికి కారణం ఏదో చెప్పలేరు.

ఫలితాన్ని చదవడం

28 దగ్గరి బ్యాండ్, పైన పొగ రెండూ అసలు పెప్టైడ్‌తో మాయమై, స్క్రాంబుల్డ్‌తో అలాగే ఉంటే మీరు కోరుకున్న ఫలితం వచ్చినట్టే. ఒక బ్యాండ్ మాయమై, 70 దగ్గర ఇంకొకటి కదలకుండా ఉంటే, ఆ 70 మీ ఎపిటోప్‌తో (యాంటీబాడీ పట్టుకునే ముక్క) సంబంధం లేనిది. శుద్ధి చేయని సీరం వాడేటప్పుడు ఇలాంటివి ఎక్కువ. ఆ జంతువు ఒంట్లో ముందే ఉన్న యాంటీబాడీలు, కేఎల్‌హెచ్‌కు వ్యతిరేకంగా పుట్టినవి కూడా సీరంలో ఉంటాయి. వాటిని మీ పెప్టైడ్ ఆపదు.

ఏదీ మాయం కాకపోతే కంగారు పడి యాంటీబాడీని పారేయొద్దు. యాంటీబాడీ ఎక్కువైందా, పెప్టైడ్ కరగకుండా అడుగున ఉండిపోయిందా, వరుస తప్పా అన్నది ఒక్కొక్కటిగా చూడండి. త్వరగా తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. పెప్టైడ్‌ను బీఎస్‌ఏకు అతికించి, ఆ జంటను నైట్రోసెల్యులోజ్ మీద చుక్కగా పెట్టి యాంటీబాడీ పట్టుకుంటుందేమో చూడండి. పెప్టైడ్‌ను ఒంటరిగా చుక్క పెడితే కడుగుడులో పోతుంది, అందుకే బీఎస్‌ఏ. స్క్రాంబుల్డ్ పెప్టైడ్‌తో కూడా అన్నీ సన్నబడితే, పీహెచ్ దగ్గరికో ద్రావకం దగ్గరికో వెనక్కి వెళ్లాలి.

అసలు చిక్కు ఇంకో రకం ఫలితంలో ఉంది: 28, 70 రెండూ మాయమవడం. ఇక్కడే చాలామంది, పెప్టైడ్ ఆపింది కాబట్టి రెండూ నా ప్రోటీనే అని రాసేస్తారు. పెప్టైడ్ యాంటీబాడీ చేతిని మూసేస్తుంది. ఆ చేతితో యాంటీబాడీ ఏ ప్రోటీన్‌ను పట్టుకున్నా, సరైనదైనా కాకపోయినా, సిగ్నల్ పోతుంది. అలాంటి ముక్కే ఉన్న వేరే ప్రోటీన్ 70 దగ్గర ఉందనుకోండి, అది కూడా మాయమవుతుంది. ఇంకా చెప్పాలంటే, 28 దగ్గరున్నది కూడా మీ ప్రోటీనే అని ఈ పరీక్ష ఒక్కటే నిరూపించదు. ఈ సిగ్నల్ యాంటీబాడీ చేతి ద్వారా వచ్చిందా అన్న ప్రశ్నకు మాత్రమే ఇది జవాబిస్తుంది. ఆ చేతిలో ఉన్నది ఎవరు అన్నది వేరే ప్రశ్న.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. యాంజియోటెన్సిన్ టైప్-1 రిసెప్టర్ మీద అమ్మకంలో ఉన్న అనేక యాంటీబాడీలను, ఆ రిసెప్టర్ జీన్ తీసేసిన ఎలుకల్లో పరీక్షిస్తే, అసలు ప్రోటీనే లేని కణజాలంలో కూడా అదే బ్యాండ్ వచ్చింది. ఈ రిసెప్టర్ చేరే జీ-ప్రోటీన్ రిసెప్టర్ల కుటుంబం యాంటీబాడీల్లో ఇది తరచూ ఎదురయ్యే సమస్య.

ఆక్వాపోరిన్-1 కథ కూడా ఇలాంటి తప్పు బ్యాండ్‌తోనే మొదలైంది. 1980ల చివర్లో పీటర్ ఆగ్రే బృందం ఎర్ర రక్తకణాల ఆర్‌హెచ్ ప్రోటీన్ కోసం కుందేళ్లలో యాంటీబాడీలు పుట్టించింది. అవి 32 కిలోడాల్టన్ల ఆర్‌హెచ్‌ను కాకుండా 28 దగ్గరున్న ఇంకో ప్రోటీన్‌ను పట్టుకున్నాయి. మొదట దాన్ని ఆర్‌హెచ్ నుంచి విరిగిన ముక్క అనుకున్నారు. తర్వాత అది పూర్తిగా వేరే ప్రోటీన్ అని తేలింది, 1992లో కప్ప గుడ్లలో పెట్టి చూస్తే నీటిని దాటించే ద్వారమని బయటపడింది. దానికి 2003లో ఆగ్రేకు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అనుకోని బ్యాండ్‌ను చెత్త అని గానీ నా ప్రోటీన్ ముక్కే అని గానీ వెంటనే పేరు పెట్టేయకుండా, ఎవరో తేల్చేదాకా వెంటపడటం ఎందుకు అవసరమో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కాబట్టి 28, 70 రెండూ పోయినప్పుడు, ముందు రాసుకున్న బ్లాస్ట్ చిట్టా తెరవండి. ఆ బరువున్న ప్రోటీన్ అందులో ఉందా? పీఎన్‌జీఏజ్ ఎఫ్ లేన్‌లో 70 దిగిందా? నమూనాను తక్కువ వేడిలో పెడితే 70 తగ్గిందా? అలాగైతే అది వేడికి పుట్టిన ముద్ద కావచ్చు. చివరి మాట మాత్రం జన్యువు తీసేసిన నమూనాదే. క్రిస్పర్‌తో చేసిన నాకౌట్ కణాలో, నాకౌట్ జంతువు కణజాలమో, అదీ లేకపోతే ఎస్ఐఆర్ఎన్ఏతో ప్రోటీన్‌ను తగ్గించిన కణాలో పక్కన వేయండి. అదే ప్రోటీన్‌లో వేరే చోటును గుర్తించే రెండో యాంటీబాడీ ఉంటే అది కూడా మంచి సాక్షి.

కణజాలం మీద చేసేటప్పుడు

పలుచటి కోతల మీద కూడా పద్ధతి ఇదే, కానీ బ్లాట్ లాగా బరువు చూసుకునే వీలు లేదు కాబట్టి జాగ్రత్త రెండింతలు. ఒకదాని వెంట ఒకటి కోసిన కోతల్నే వాడండి, లేకపోతే పోల్చేది వేర్వేరు చోట్లను అవుతుంది. యాంటీబాడీ, పెప్టైడ్ కలిపిన ద్రావణాన్ని రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచి, ఉదయం 12,000 జీ దగ్గర పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి పై ద్రవాన్నే వాడండి. అడుగున చేరిన ముద్దలు కణజాలం మీద చుక్కలు చుక్కలుగా పడతాయి.

మూత్రపిండం కోతలో మీకు ఒక సహజమైన పోలిక దొరుకుతుంది. ఆక్వాపోరిన్-1 ప్రాక్సిమల్ నాళికల్లో, హెన్లే లూప్ దిగే సన్నటి భాగంలో ఉంటుంది. కలెక్టింగ్ డక్ట్‌లలో ఉండేది ఆక్వాపోరిన్-2. పెప్టైడ్ లేని కోతలోనే కలెక్టింగ్ డక్ట్‌లు కూడా రంగు తేలితే, బ్లాకింగ్ దాకా వెళ్లకముందే యాంటీబాడీని అనుమానించండి.

క్షార స్వభావం ఉన్న పెప్టైడ్లతో ఇంకో ఇబ్బంది ఉంది. ప్లస్ ఛార్జ్ వల్ల పెప్టైడ్ తనంతట తానే కణజాలానికి అతుక్కుని, తనతో పాటు యాంటీబాడీని కూడా లాక్కెళ్తుంది. అప్పుడు బ్లాకింగ్ చేసిన కోతలో రంగు తగ్గకపోగా పెరుగుతుంది. అలా జరిగితే పెప్టైడ్ మోతాదు తగ్గించి చూడండి. ఫార్మాలిన్ లైసిన్లను అడ్డంగా కట్టేస్తుందని కూడా గుర్తుంచుకోండి. మన పెప్టైడ్ చివర రెండు లైసిన్లు ఉన్నాయి, కాబట్టి బ్లాట్‌లో బాగా పనిచేసిన యాంటీబాడీ ఫార్మాలిన్ కోతలో నీరసపడితే ఆశ్చర్యం లేదు.

బతికున్న కణాల మీద

మన పెప్టైడ్ కణం లోపలి తోకది. బతికున్న కణానికి యాంటీబాడీ పెడితే అది లోపలికి వెళ్లదు. అందువల్ల ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి సిగ్నల్ కొలిచే పద్ధతి) బతికున్న కణాల మీద ఈ యాంటీబాడీతో సిగ్నల్ వచ్చిందంటే, అదే ఒక హెచ్చరిక. కణాలను ఫిక్స్ చేసి, 0.1 శాతం సపోనిన్‌తో పొరకు రంధ్రాలు చేశాకే వాడాలి. సపోనిన్ ప్రభావం కడిగితే పోతుంది కాబట్టి ప్రతి బఫర్‌లోనూ దాన్ని ఉంచాలి.

బయటి వైపును గుర్తించే యాంటీబాడీ కావాలంటే బయటి లూప్ నుంచి పెప్టైడ్ ఎంచుకోవాలి. ఆక్వాపోరిన్ లాంటి ప్రోటీన్లలో ఆ లూప్‌లు చిన్నవి, ఆకారం మీద ఆధారపడినవి. అలాంటి యాంటీబాడీని సాదా పెప్టైడ్ ఆపలేకపోతే, రెండు కొసలకు సిస్టీన్లు పెట్టి వలయంగా ముడేసిన పెప్టైడ్‌ను ప్రయత్నించొచ్చు.

నోట్‌బుక్‌లో, ఫిగర్ కింద

యాంటీబాడీ కేటలాగ్ నంబర్‌తో పాటు లాట్ నంబర్ కూడా రాయండి. పాలీక్లోనల్ (జంతువు సీరం నుంచి తీసిన రకరకాల యాంటీబాడీల కలగలుపు) అయితే కొత్త జంతువు, కొత్త లాట్ వచ్చినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే. పెప్టైడ్ వరుస, కొసలు, నెట్ కంటెంట్, యాంటీబాడీ చేతులకు పెప్టైడ్‌కు మధ్య మోలార్ నిష్పత్తి, ఎంతసేపు, ఏ వేడిలో కలిపారన్నది, ఎక్స్‌పోజర్ సమయం అన్నీ ఉండాలి. పోలిక కోసం కోసిన బ్లాట్ ముక్కలు కాకుండా పూర్తి బ్లాట్ చిత్రాన్ని దాచుకోండి, ఏ బ్యాండ్ మాయం కాలేదో కూడా కనబడేలా.

ఫిగర్ కింద వివరణలో, నాకౌట్ నమూనా కూడా చూపించే వరకు, యాంటీబాడీ ఆక్వాపోరిన్-1కు ప్రత్యేకమైనది అని రాయొద్దు. ఇలా రాయండి: 251 నుంచి 269 వరకు ఉన్న పెప్టైడ్‌తో ముందుగా కలిపినప్పుడు 28 కిలోడాల్టన్ల బ్యాండ్, 35 నుంచి 60 మధ్య సిగ్నల్ మాయమయ్యాయి. స్క్రాంబుల్డ్ పెప్టైడ్‌తో మారలేదు. 70 దగ్గరి బ్యాండ్ పెప్టైడ్‌తో కూడా మిగిలింది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.